నలభై మూడో సెకను

మార్చి 3, సోమవారం

గ్రాఫు మళ్ళీ పిలిచాడు. ఎదురుగా 'సార్' అంటాం కానీ, ఆఫీసులో అతనికి గ్రాఫు తప్ప ఇంకో పేరు లేదు. కంప్యూటర్ నా వైపు తిప్పి, పెన్ను మూతతో గీత మీద నడిపించాడు.

"ఇదిగో, మ్యూజిక్. అందరూ ఉన్నారు. ఇదిగో, మీరు నమస్కారం అంటున్నారు. ఇంకా ఉన్నారు. ఇదిగో, మొదటి ప్రశ్న అడిగారు. పోయారు."

నలభై మూడో సెకను. వింటున్నవాళ్ళలో సగం మంది అక్కడే దిగిపోతున్నారట. ఒక వారం కాదు, ప్రతి వారమూ నలభై మూడే. మూడేళ్ళుగా ఈ పాడ్‌కాస్టులో పనీపాటలు చేసుకునే మనుషుల్ని పిలిచి మాట్లాడిస్తున్నాను. అన్నేళ్ళ పనికి చివరికి మిగిలింది జారుడుబల్ల లాంటి ఈ గీత.

"మిగతాదంతా బాగుంటుందండీ మీది. అక్కడిదాకా ఎవరైనా వింటే కదా" అన్నాడు. మెచ్చుకుంటూనే చెంప మీద కొట్టడం అతని దగ్గర నేర్చుకోవాలి.

ఇంకో నాలుగు ఎపిసోడ్లు ఇచ్చాడు. అప్పటికీ గీత మారకపోతే నా ప్రోగ్రాం మా ఆఫీసులోనే ఉన్న నవ్వుల జంటకి వెళ్ళిపోతుంది. వాళ్ళిద్దరూ ప్రశ్నలే అడగరు. ఒకరు ఏదో అంటారు, ఇంకొకరు నవ్వుతారు, వింటున్న వాళ్ళు ఎందుకు నవ్వాలో తెలియక వింటూనే ఉంటారు.

మంచి మొదటి ప్రశ్న కావాలి. అంతే కదా. నాకు అదే రాదంటే ఎలా? బతుకుతున్నదే ప్రశ్నల మీద.

మార్చి 5, బుధవారం

ఈ రోజు లిఫ్టు మెకానిక్ వచ్చాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. చేతిలో స్క్రూడ్రైవర్ లేకపోతే మాట్లాడలేనంటే, మా సౌండ్ గది డ్రాయర్లోంచి ఒకటి తీసి ఇచ్చాం. మొదటి ప్రశ్న కోసం నేను రెండు రోజులు తపస్సు చేశాను.

"మనిషి ఎప్పుడూ పైకి వెళ్ళాలని ఎందుకు తాపత్రయపడతాడు?"

అతను కాసేపు ఆలోచించి, "ఏ ఫ్లోరుకండీ?" అన్నాడు.

అద్దం వెనక లెవెలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ మా సౌండ్ ఇంజినీరు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. రికార్డింగ్ మొదలయ్యే ముందు మైకులో గొంతు ఎంత పలుకుతోందో చూడటానికి వచ్చిన ప్రతి మనిషినీ ఒకటే ప్రశ్న అడుగుతుంది: "పొద్దున్న ఏం తిన్నారు?" వాళ్ళు చెబుతుంటే ఆవిడ మీటలు సర్దుకుంటుంది. 'లెవెల్ వచ్చింది' అంటుంది. అందుకే ఆ పేరు.

లెవెల్ కోసం అడిగినప్పుడు ఈ మెకానిక్ ఏం చెప్పాడో తెలుసా? పొద్దున్న తినలేదట. ఒక ముసలావిడ లిఫ్టులో ఇరుక్కుంటే బయట కూర్చుని గంటసేపు తలుపు సందులోంచి కబుర్లు చెప్పాడట, ఆవిడ భయపడకుండా. బయటికొచ్చాక ఆవిడ కోపంగా, "కథ మధ్యలో తలుపు తీశావేమయ్యా" అందట.

అదంతా రికార్డింగ్ ఎర్రలైటు వెలగక ముందు. వెలిగాక నేను తాపత్రయం గురించి అడిగాను.

మార్చి 6, గురువారం

గీత వచ్చింది. నలభై రెండు. ఒక సెకను ముందే పోయారు.

మార్చి 11, మంగళవారం

దర్జీ ఆవిడ. యూనిఫాంలు కుడుతుంది. ఈసారి తెలివిగా ముందు రోజే ఫోన్ చేశాను. ఎక్కడ ఏం దొరుకుతుందో తెలిస్తే ప్రశ్న తనంతట తానే వస్తుంది కదా అని. గంటంపావు మాట్లాడింది మహాతల్లి. ఒక ఇంటి నుంచి ఏటా అదే చొక్కా వచ్చేదట, ఒక అంగుళం పొడుగు పెంచమని. ఆరో ఏడు ఇంక మడతలో బట్ట లేక, తన దగ్గరున్న ముక్క అతికి, ఆ అతుకు కనపడకుండా జేబు కుట్టిందట. వింటూ ఫోన్ పట్టుకుని గదిలో గంతులేశాను.

ఈ రోజు మైకు ముందు అడిగాను: "ఆ చొక్కాకి జేబు ఎందుకు కుట్టారు?"

"నిన్న ఫోన్లో చెప్పాను కదండీ" అంది.

"మన శ్రోతల కోసం ఇంకొక్కసారి."

"అదేనండీ, బట్ట చాలక." అయిపోయింది. గంటంపావు కథ మూడు ముక్కల్లో తేలింది. మిగతా అరగంటా ఆవిడ ప్రతి జవాబుకీ 'నిన్న చెప్పినట్టు' తగిలిస్తూనే ఉంది. నిన్న నేను తప్ప ఎవరు విన్నారు తల్లీ! తల ప్రాణం తోకకొచ్చింది.

ఈ తప్పు ఈ వృత్తిలో వాళ్ళందరికీ తెలుసు. కొత్తగా చేరిన వాళ్ళకి నేనే చెబుతాను, ముందు రోజు వాగించకండి అని. నాకు నేను చెప్పుకోలేదు.

మార్చి 12, బుధవారం

గ్రాఫు ఉత్సాహంగా వచ్చాడు. అతను ఉత్సాహంగా ఉంటే నాకు భయం.

ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఫైర్ స్టేషన్ కంట్రోల్ రూములో ఫోన్లు తీసే ఒకాయన ఏదో స్కూల్లో పిల్లలకి చెబుతున్నాడు. "మాకు ఫోన్ రాగానే మొదట 'ఎక్కడ' అని అడుగుతాం. 'ఏమైంది' అని అడగం. ఏమైందని అడిగితే మనిషి ఏడవడం మొదలుపెడతాడు. ఈలోగా లైన్ కట్ అయిందనుకోండి, ఏమైందో తెలుస్తుంది, ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. ఎక్కడో తెలిస్తే చాలు, బండి బయల్దేరుతుంది. మిగతావన్నీ దారిలో అడుక్కోవచ్చు."

"ఒక్క మాట చూడండి. ఎక్కడ! అదీ మొదటి ప్రశ్నంటే. ఈయన్ని పిలుద్దాం. ఇంటిపేరు మీదే. చుట్టమా?"

"తెలిసినాయనే" అన్నాను.

అది మా అన్నయ్య. సొంత అన్నయ్య. ఎందుకలా అన్నానో తెలియదు. సొంతవాళ్ళని ఇంటర్వ్యూ చేయడం పద్ధతి కాదు కదా, అందుకని. ఆ మాటే అనుంటే సరిపోయేది. ఇప్పుడు నాలుగో ఎపిసోడ్ ఆయనతోనే అని రాసేసుకున్నాడు.

మార్చి 13, గురువారం

మా ఆవిడతో చెప్పాను. కూరగాయలు తరుగుతోంది, కత్తి ఆపింది.

"బావగారినా? మైకు పెట్టా?"

"ఏం?"

"ఇంటికెళ్ళి అడగాల్సినవి అక్కడ కూర్చోబెట్టి అడుగుతారా అని."

"అడగాల్సినవేం ఉన్నాయి?"

మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. మామూలు కంటే చిన్న ముక్కలుగా.

ఏం లేవు. నాకూ అన్నయ్యకీ గొడవలేం లేవు. పండగలకీ పెళ్ళిళ్ళకీ కలుస్తాం. ఏరా అంటాడు, ఏంటన్నయ్యా అంటాను. పదిహేడు నెలల కిందట పరుపుల గోడౌన్ తగలబడినప్పుడు మంటలార్పే డ్యూటీలో లోపలికి వెళ్ళాడు, కుడిచెయ్యి, మెడ కాలాయి. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ పదకొండు రోజులూ నాకు రికార్డింగులు ఉన్నాయి. వెళ్ళలేకపోయాను. తర్వాత ఇంటికి వెళ్ళి చూసొచ్చాను. చెయ్యి పూర్తిగా రాలేదని ఆయన్ని కంట్రోల్ రూములో వేశారు. ఇదీ సంగతి. దీంట్లో అడగడానికేముంది?

మార్చి 14, శుక్రవారం

అన్నయ్యకి ఫోన్ చేయాలి. రేపు.

మార్చి 16, ఆదివారం

సెలవు రోజు ఫోన్ చేసి ఆఫీసు పని మాట్లాడటం మర్యాద కాదు.

మార్చి 18, మంగళవారం

వాలీబాల్ రిఫరీ. పోయినసారి ముందే మాట్లాడి చెడగొట్టుకున్నాను కాబట్టి ఈసారి ఒక్క ముక్క మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆయన అరగంట ముందే వచ్చాడు. ఎదురుగా కుర్చీలో నేను. నోరు కట్టేసుకుని నవ్వుతూ కూర్చున్నాను. ఆయన వాతావరణం గురించి ఏదో అన్నాడు, తల ఊపాను. ఊరు గురించి అన్నాడు, తల ఊపాను. కాసేపటికి బయటికెళ్ళి లెవెలమ్మని అడిగాడట, "ఆయనకి నా మీద కోపమా అండీ? ఎప్పుడైనా ఆయన ఉన్న టీముకి వ్యతిరేకంగా ఊదానా?"

సరే, మైకు ముందు కొత్త ఎత్తు వేశాను. ఏళ్ళుగా లెవెలమ్మ ప్రశ్నకి అందరి నోళ్ళూ తెరుచుకుంటున్నాయి కదా, ఆ ప్రశ్నే లాగేసుకుందాం అనుకున్నాను. నమస్కారం అయ్యాక, చాలా సహజంగా, "పొద్దున్న ఏం తిన్నారు?" అన్నాను.

"ఇందాక ఆవిడకి చెప్పాను కదండీ."

మైకు పీకి నేలకేసి కొడదామన్నంత చిర్రెత్తుకొచ్చింది. అది ఆఫీసు మైకు కాబట్టి కొట్టలేదు.

మార్చి 19, బుధవారం

లెవెలమ్మతో తగువు పెట్టుకున్నాను. మీరు ముందే మాట్లాడించి వాళ్ళని ఖాళీ చేసేస్తున్నారు అన్నాను. ఆవిడ చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి మెళ్ళో వేసుకుంది. అంటే సీరియస్ అన్నమాట.

"బాబూ, నేను అడిగేది గొంతు కోసం. జవాబు ఏదైనా నాకు పర్లేదని వాళ్ళకి తెలుసు, అందుకని ఏదో ఒకటి చెబుతారు. నువ్వు అడిగేటప్పుడు నీ మొహంలోనే ఉంటుంది, నాకు ఫలానా జవాబు కావాలని. పరీక్షలో కూర్చున్నట్టు బిగుసుకుపోతారు."

"ఏ జవాబూ అక్కర్లేకపోతే ప్రశ్న ఎందుకు?"

"అదీ నిజమే. మరి నువ్వు నిజంగా తెలుసుకోవాలని అడిగింది ఏదైనా ఉందా, ఈ మధ్య?"

ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టేసుకుంది.

వచ్చే మంగళవారానికి నా కుర్చీ, అతిథి కుర్చీ అటూ ఇటూ మార్చమని అడిగాను. నేను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంటే వచ్చిన మనిషి కుడివైపు కనిపిస్తుంది. వైరు అందదు, కుదరదు అంది. ఎందుకని అడగలేదు, బతికించింది.

మార్చి 20, గురువారం

ఫోన్ చేశాను. వదిన ఎత్తింది.

"ఏంటయ్యా, నీ నంబరు చూసి ఫోన్ పాడైందేమో అనుకున్నాను" అంది. వదిన ఎప్పుడూ ఇంతే. వేళాకోళంలా ఉంటుంది, విసురు ఎక్కడో తగులుతుంది. నా విషయం చెప్పాను. "ఆయనకే ఇస్తున్నా ఉండు" అంది.

"ఏరా."

"అన్నయ్యా, మా ప్రోగ్రాంకి నువ్వు రావాలి. కంట్రోల్ రూము గురించి."

"ఎక్కడికి రావాలి?"

చెప్పాను. "మంగళవారం పదకొండింటికి వస్తా" అన్నాడు. పెట్టేశాడు. ఇంతకే వారం రోజులు వాయిదా వేశాను.

మార్చి 22, శనివారం

అన్నయ్య కోసం మొదటి ప్రశ్నలు. ఇవి కాక ఇంకా ఇరవై దాకా కొట్టేశాను.

మీరు ఎత్తిన ఫోన్లలో మర్చిపోలేనిది ఏది? — అందరూ అడిగేదే. పైగా 'మీరు' ఏంటి, అన్నయ్యని?

అవతలి గొంతు విని ఎంత ప్రమాదమో చెప్పగలవా? — పర్లేదు. కానీ అవును, కాదు అని ముగించేయొచ్చు.

చిన్నప్పుడు నాకు చీకటంటే భయమైతే, లైటు వేయకుండా పక్కన కూర్చునేవాడివి, ఎందుకు? — ఇది ఇంట్లో విషయం. శ్రోతలకెందుకు?

మంటల్లోకి నడిచిన మనిషి ఫోను ముందు కూర్చోవడం ఎలా ఉంటుంది? — ఇది వద్దు.

భయం ఎక్కడ మొదలవుతుంది? — ఇది బాగుంది. 'ఎక్కడ' అన్న మాట కూడా వచ్చింది, గ్రాఫు ఎగిరి గంతేస్తాడు. ఇదే ఖాయం. అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

మా ఆవిడ భుజం మీంచి చదివింది. "ఎలా ఉన్నావు అని మాత్రం ఎక్కడా లేదే" అంది.

అది ప్రశ్నా? అందరూ అడిగేది, అందరూ బాగున్నాననే చెప్పేది. పాడ్‌కాస్టు మొదలుపెట్టడానికి అంతకంటే చెత్త ప్రశ్న లేదు. అదే చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను.

మార్చి 23, ఆదివారం

ఇది నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం రాస్తే నన్ను నేను ఏమనుకోవాలి?

ఆ పదకొండు రోజుల్లో నాకు రికార్డింగులు లేవు. ఒకటి ఉండింది, రెండో రోజు, అదీ రద్దయింది.

నాలుగో రోజు వెళ్ళాను. పొద్దున వదిన ఫోన్లో "గుర్తుపట్టలేవు, గుండె గట్టి చేసుకుని రా" అంది. ఆసుపత్రి ముందు బండ్లు పెట్టేచోట స్కూటర్ ఆపాను. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని స్కూటర్ మీదే కూర్చున్నాను. ఒక్క అయిదు నిమిషాలు కూర్చుని వెళదాం అనుకున్నాను. ఎవరెవరో ఫ్లాస్కులతో లోపలికి వెళుతున్నారు, ఖాళీ చేసుకుని బయటికి వస్తున్నారు, మళ్ళీ వెళుతున్నారు. ఒకావిడ రెండుసార్లు వెళ్ళొచ్చింది. నేను కూర్చునే ఉన్నాను. గుర్తుపట్టలేను అన్న మాట దగ్గర ఆగిపోయాను. అన్నయ్యని చూసి నా మొహం ఎలా మారుతుందో అది ఆయన చూస్తాడు కదా. ఆ మొహం దాచడం నాకు చేతకాదు. గంటన్నర. హెల్మెట్ పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. రికార్డింగ్ ఆలస్యమైందని మా ఆవిడతో చెప్పాను. ఒకసారి చెప్పాక అయిదో రోజు కూడా రికార్డింగే అయింది, ఆరో రోజు కూడా.

ఆయన ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్ళినప్పుడు అన్నయ్యతో అన్నాను, "రికార్డింగులు అన్నయ్యా, ఒక్క పూట తీరిక దొరకలేదు." ఆయన "పని చూసుకోవాలి కదరా" అన్నాడు. అంతే. ఒక్క మాట నిష్ఠూరమాడలేదు. ఆ తర్వాత ఎక్కడ కలిసినా ఆయనకి ఎడమవైపే కూర్చుంటున్నాను, కాలిన వైపు కనపడకుండా. ఆయన గమనించి ఉంటాడా? గమనించకుండా ఎలా ఉంటాడు.

ఎలా ఉన్నావని అడగలేదు. నొప్పిగా ఉందా అని అడగలేదు. పదిహేడు నెలలు. అడిగితే ఆయన తిరిగి, "నువ్వెందుకు రాలేదురా" అంటాడేమోనని. ఆ ప్రశ్న వస్తుందని ప్రతిసారీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాను. ఆయన అడగడు. అడిగేస్తే బాగుండును. అడగనందుకు ఆయన మీద కోపం కూడా వస్తోంది, సిగ్గులేకుండా.

మార్చి 25, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అన్నయ్య పదకొండూ అయిదుకి వచ్చాడు. ఫుల్ చేతుల చొక్కా, మెడ దాకా గుండీలు. నేనేదో హడావుడి చేసి, నీళ్ళు తెచ్చి, కుర్చీ జరిపి, ఆయన మొహం తప్ప గదిలో అన్నీ చూశాను. ఇద్దరం హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాం. లెవెలమ్మ అద్దం అవతల్నించి అడిగింది.

"పొద్దున్న ఏం తిన్నారండీ?"

"రెండు ముక్కలు రొట్టె, టీ. టీ కప్పు ఎడంచేత్తో పట్టుకోవడం ఇప్పటికీ సరిగ్గా రాలేదండీ. చొక్కా మీద పోసుకున్నాను. మార్చుకుని వచ్చేసరికి అయిదు నిమిషాలు లేటు."

హెడ్‌ఫోన్లలో గొంతు చెవిలోనే ఉంటుంది. ఎంత దూరంగా కూర్చున్నా లాభం లేదు. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. 'లెవెల్ వచ్చింది' అంది. ఎర్రలైటు వెలిగింది.

మ్యూజిక్. నమస్కారం. ఈ రోజు మన అతిథి ఫలానా. ముప్పై అయిదు సెకన్లు, నిద్రలో కూడా చెప్పగలను. తర్వాత అట్ట ఎత్తాను. భయం ఎక్కడ మొదలవుతుంది. చదివాను, నోట్లోంచి రాలేదు. ఆయన కుడివైపు చూశాను. కాలర్ పైన మెడ చర్మం మడతలు పడి, మెరుస్తూ ఉంది. అంతే. నేను అన్నాళ్ళూ ఊహించుకున్న దాంట్లో పావు వంతు కూడా లేదు. దానికోసమా ఎడమవైపు కుర్చీలు వెతుక్కున్నది?

గోడ మీద గడియారంలో నలభై, నలభై ఒకటి. అట్ట బోర్లా పెట్టేశాను.

"అన్నయ్యా, నేను ఆసుపత్రికి ఎందుకు రాలేదని నువ్వు నన్ను ఎప్పుడూ ఎందుకు అడగలేదు?"

ఆయన అద్దం వైపు తిరిగాడు. "ఇది కూడా రికార్డవుతోందా అండీ?" అన్నాడు. లెవెలమ్మ తల ఊపింది. కాసేపు చొక్కా చెయ్యి సర్దుకున్నాడు.

"వచ్చావు కదరా" అన్నాడు.

హెడ్‌ఫోన్లు చెవులకి అదుముకున్నాను.

"నాలుగో రోజు. అప్పుడే కట్టు మారుస్తున్నారు. అది చూడటం మీ వదిన వల్ల కాదు. ఇటు చూడలేక కిటికీ వైపు తిరిగి నిలబడేది. 'తమ్ముడొచ్చాడండీ, కింద బండి మీద కూర్చున్నాడు' అంది. పిలవనా అంది. వద్దన్నాను. అప్పుడు నన్ను చూస్తే నువ్వు తట్టుకోలేవు. నీ సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు నా మోకాలు పగిలితే నువ్వు ఏడ్చేవాడివి."

"మరి..."

"ఉండు, చెప్పనీ. ఆ కట్టు మార్చేటప్పుడు అరవకుండా ఉండాలంటే ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. రోజూ ఏదో అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. ఆ రోజు అదే అడుగుతూ కూర్చున్నాను. 'ఉన్నాడా?' ఉన్నాడు. 'ఇంకా ఉన్నాడా?' ఉన్నాడండీ. నర్సు కూడా అడగడం మొదలుపెట్టింది, ఉన్నాడా అని. నువ్వు వెళ్ళిపోయావని మీ వదిన చెప్పేసరికి కట్టు కట్టడం అయిపోయింది. పదకొండు రోజుల్లోనూ నేను అరవనిది ఆ ఒక్క రోజే."

గడియారం ఎంత చూపిస్తోందో నాకు తెలియదు. చూడలేదు.

"ఇన్నాళ్ళూ తెలిసి ఒక్క మాట చెప్పలేదా?" అన్నాను. గొంతు పెరిగింది. ఏడుపో కోపమో, రెండూ ఒకేసారి వచ్చాయి. "పదిహేడు నెలలన్నయ్యా! నేను ఇంట్లో అబద్ధం, ఆఫీసులో అబద్ధం, నీకు ఎదురుగా అబద్ధం..."

"నువ్వు అడగలేదు కదరా" అన్నాడు. మామూలుగా అన్నాడు, టీ తాగుతావా అన్నట్టు. "ఎక్కడున్నావో తెలిసింది. నాకు అది చాలు. ఎందుకు అన్నది నిదానంగా అడగొచ్చులే అనుకున్నాను. తర్వాత దాంతో పని పడలేదు."

లెవెలమ్మ అద్దం వెనక వీపు తిప్పి కూర్చుంది. ఆ తర్వాత అరగంట కంట్రోల్ రూము గురించి మాట్లాడుకున్నాం. ఏమేం అడిగానో గుర్తులేదు. ప్రశ్నలు రాసుకున్న కాగితం అసలు తీయలేదు.

మార్చి 26, బుధవారం

గ్రాఫు మొత్తం విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, నాకు ఆశ పుట్టింది. మళ్ళీ పెట్టుకున్నాడు.

"తెలిసినాయన అన్నారు."

"అన్నయ్య."

"బాగుందండీ. చాలా బాగుంది. కానీ ఆయన జవాబు చెప్పేముందు పంతొమ్మిది సెకన్లు చప్పుడు లేదు. జనం ఫోన్ ఆగిపోయిందనుకుంటారు. పైగా ఇది మీ ఇంటి విషయం. కంట్రోల్ రూము నుంచి మొదలుపెడదాం."

వాదించబోయాను. పది రోజుల కిందటైతే కుర్చీ విరిగేదాకా వాదించేవాణ్ణి. కట్ చేసుకోండి అన్నాను. అది శ్రోతలకి వినిపించడానికి అడిగింది కాదు. కొత్తగా ఒక మొదటి ప్రశ్న రికార్డు చేసి ఇచ్చాను: "మీ కంట్రోల్ రూములో మొదట ఏమని అడుగుతారు?" మర్యాదైన ప్రశ్న, ఎవరికీ గుర్తుండదు.

కట్ చేసిన ముక్కని లెవెలమ్మ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి నా బ్యాగు పక్క జేబులో పడేసింది. ఏం అనలేదు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి నాలుగో రోజు సంగతి చెప్పాను. "తెలుసు" అంది. వదిన అప్పుడే చెప్పిందట. ఈవిడకీ తెలుసు! అందరికీ తెలుసు, నేనొక్కణ్ణే గొప్ప రహస్యం మోస్తున్నట్టు తిరిగాను. కోపం తెచ్చుకుందామని చూశాను, ఎవరి మీద తెచ్చుకోవాలో తేలలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

గీత వచ్చింది. నలభై మూడు.

ప్రోగ్రాం నవ్వుల జంటకి ఇచ్చారు. నన్ను వాళ్ళ రికార్డింగుల్లో ఎక్కువైన నవ్వులు కత్తిరించే పనిలో వేశారు. బాధగా లేదని రాయను. చాలా బాధగా ఉంది. మూడేళ్ళు. లిఫ్టు మెకానిక్ చెప్పిన ముసలావిడ కథ ఎక్కడా రాకుండానే పోయింది, అదొకటి.

ఏప్రిల్ 6, ఆదివారం

అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాను. పనేం లేదు, ఊరికే. మా ఆవిడ వస్తానంది, ఈసారి ఒక్కణ్ణే వెళతానన్నాను. తలుపు తీసి వదిన, "రికార్డింగులు లేవా?" అంది. లేవన్నాను. నవ్వి పక్కకి తప్పుకుంది.

రోజూ సాయంత్రం ఆ చేతికి క్రీము రాసి మర్దనా చేయాలట, లేకపోతే చర్మం బిగుసుకుపోతుందట. వదిన గిన్నె, క్రీము డబ్బా తెచ్చింది. నేను చేస్తానన్నాను. ఆవిడ అన్నయ్య వైపు చూసింది. ఆయన చొక్కా చెయ్యి మడిచి, చెయ్యి నా ఒళ్ళో పెట్టాడు.

కుడివైపు కూర్చున్నాను. మణికట్టు దగ్గర మొదలుపెట్టి పైకి రుద్దుకుంటూ వెళ్ళాను.

"నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"ఉంది. కొంచెం మెల్లగా" అన్నాడు.